శనివారం బైబిలు క్లాసు, ఒంగోలు: "ఎదిరించలేని కృప" బ్యాచ్‌కి వెళ్లొచ్చాక

ఒంగోలులో ట్రంకు రోడ్డుకి దగ్గర్లో ఒక క్రైస్తవ పుస్తకాల షాపు ఉంది. దాని మేడ మీద శనివారం సాయంత్రాలు బైబిలు క్లాసు నడుస్తుంది. ఏ ఒక్క సంఘానికీ చెందింది కాదు, ఎవరైనా వెళ్లొచ్చు. ఈ బ్యాచ్‌కి వాళ్లు తీసుకున్న అంశం "ఎదిరించలేని కృప". దేవుడు ఒక మనిషిని రక్షించాలని పూనుకుంటే ఆ మనిషి చివరిదాకా వద్దనగలడా, లేదా? కాల్వినిస్టులు, అంటే సంస్కర్త జాన్ కాల్విన్ బోధ బాటలో నడిచేవాళ్లు, వద్దనలేడంటారు. మా వైపు బాప్టిస్టుల్లో చాలామంది వద్దనగలడంటారు. అంత పెద్ద విషయాన్ని మామూలు విశ్వాసులకి అర్థమయ్యేలా, కొట్లాట లేకుండా చెప్పారు. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను స్టాఫ్ నర్సుని. మాది గుండ్లకమ్మ ఒడ్డు పల్లె, తాతల కాలం నుంచీ బాప్టిస్టులం. మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు, చర్చికి రావడం మానేశాడు. పోయిన క్రిస్మస్‌కి ఇంటికొచ్చాడు. అమ్మ "రా నాయనా, ఒక్క గంట కూర్చుని వద్దువు" అని బతిమాలితే, "దేవుడికి నేను కావాలంటే ఆయనే లాక్కుంటాడులే మా. ఆయన కృపని ఎవరూ ఆపలేరంట కదా" అన్నాడు. ఏదో యూట్యూబు ప్రసంగంలో విన్న ముక్క అది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. వాడికి ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. క్లాసు గురించి మా వార్డులో సిస్టర్ చెప్పగానే ఫీజు కట్టేశాను.

ఫీజు 300 రూపాయలు, నోట్సు అందులోనే. మధ్యలో అల్లం టీ ఇస్తారు. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎవరినైనా తోడు తెచ్చుకోవడం మంచిది. సౌకర్యాల గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు పెద్దయ్యగారు, పాత మిషను సంఘాల్లో పాస్టరుగా చేసి రిటైరైనవారు, రామాయపట్నం సెమినరీలో చదువుకున్న తరం మనిషి. రెండోవారు ముప్పై దాటిన కుర్ర పాస్టరుగారు, బెంగళూరులో వేదాంతం చదివొచ్చారు, కాల్వినిస్టు. పెద్దాయన ఈయన్ని "బాబూ" అంటారు, ఈయన ఆయన్ని "అయ్యగారూ" అంటారు. క్లాసుకి ఒకటే నియమం పెట్టుకున్నారు. ఎదుటివాళ్ల నమ్మకాన్ని ముందు వాళ్లే "అవును, మేం అనేది అదే" అని ఒప్పుకునేలా చెప్పాలి. అలా చెప్పగలిగాకే కాదనాలి. కుర్ర పాస్టరుగారు ఒకసారి "కాల్వినిస్టులు కానివాళ్లు మనిషి తన బలంతోనే రక్షణ తెచ్చుకుంటాడంటారు" అన్నారు. పెద్దయ్యగారు చెయ్యెత్తి ఆపేశారు. "మేం అలా అనం బాబూ. ముందు కదిలేది దేవుడే. వాక్యం పంపేదీ, మనసుని కదిలించేదీ ఆయనే. అంతా అయ్యాక కూడా మనిషి వద్దనడానికి ఆయన చోటిచ్చాడంటాం. మళ్లీ చెప్పు." ఆయన మళ్లీ చెప్పారు. మన ఊళ్లలో సిద్ధాంతం మీద మాట్లాడుకునేటప్పుడు ఇంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

అసలు "బాప్టిస్టులా, కాల్వినిస్టులా" అని రెండు జట్లు కట్టడమే తప్పని మొదటి క్లాసులోనే తేల్చారు. ఎందుకంటే ఆ కుర్ర పాస్టరుగారు కూడా బాప్టిస్టే. బాప్టిస్టులు మొదటి నుంచీ రెండు పాయలు. జాన్ స్మిత్, థామస్ హెల్విస్ 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన పాయ జనరల్ బాప్టిస్టులది. క్రీస్తు అందరికోసం చనిపోయాడు, కృపని మనిషి కాదనొచ్చు అన్నది వీళ్ల మాట. 1630లలో లండన్‌లో ఇంకో పాయ పుట్టింది, వాళ్లు పర్టిక్యులర్ బాప్టిస్టులు. రక్షణ విషయంలో అచ్చంగా కాల్వినిస్టులు, చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వకపోవడంలో మాత్రం బాప్టిస్టులు. 1644లో ఒకటి, 1689లో ఇంకొకటి విశ్వాస ప్రకటనలు వాళ్లవే. పేరుమోసిన ఇంగ్లీషు ప్రసంగీకుడు స్పర్జన్ ఆ పాయవాడే. మన దేశానికొచ్చిన మిషనరీ విలియం కేరీ కూడా.

కేరీ సంగతి వచ్చినప్పుడు క్లాసులో అందరూ నిటారుగా కూర్చున్నారు. "లాగేది దేవుడే అయితే మిషనరీలు ఎందుకు?" అని అందరం అడిగే ప్రశ్నకి ఆయన బతుకే జవాబు అన్నారు కుర్ర పాస్టరుగారు. కృపని ఎదిరించలేరని నమ్మినవాడు 1793లో ఓడెక్కి బెంగాలు వచ్చాడు. సువార్త చేరడానికి మనుషులు పాటుపడాలి, అది మన బాధ్యత అని అంతకు ముందు ఏడాదే రాశాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆయన శ్రీరాంపూర్ ముద్రణాలయంలోనే. మన ఇళ్లలోకి వాక్యం రావడం వెనక ఒక కాల్వినిస్టు బాప్టిస్టు చెయ్యి ఉందని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

తర్వాత డోర్టు సభ. కాల్వినిస్టు బోధలో కొన్ని మాటల్ని కాదన్న డచ్చి వేదాంతి అర్మీనియస్ 1609లో చనిపోయాక ఆయన వెనక నడిచినవాళ్లు 1610లో అయిదు అంశాలు రాసిచ్చారు. నాలుగోది కృపని మనిషి ఎదిరించగలడని. ఆధారం అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయం, "ఎల్లప్పుడు పరిశుద్ధాత్మను ఎదిరించుచున్నారు" అని స్తెఫను అన్న మాట. దానికి జవాబుగా 1618, 1619లో హాలండులోని డోర్ట్‌రెక్ట్‌లో సభ కూర్చుంది. ఇప్పుడు కాల్వినిజం అయిదు సూత్రాలని మనం వినేవి ఆ సభ తీర్మానాల నుంచి వచ్చినవే. ఆ తీర్మానాల్లో ముఖ్యమైనవి తెలుగులోకి రాసి నోట్సులో ఇచ్చారు. నాకు బాగా పట్టుకున్నది ఒకటుంది. దేవుడు మనుషుల్ని మొద్దుల్లాగా, రాళ్లలాగా చూడడు, వాళ్ల ఇష్టాన్ని తీసెయ్యడు, మెడలు వంచి ఈడ్చుకురాడు, ఆ ఇష్టాన్నే బతికించి, బాగుచేసి తనవైపు తిప్పుతాడు అని అందులో ఉంది. ఇది డోర్టు వాళ్లు రాసుకున్న మాట! కాల్వినిస్టులంటే మనిషిని తోలుబొమ్మని చేస్తారని మా సంఘంలో అనుకునేవాళ్లు ఈ ఒక్క పేజీ చదివినా చాలు.

మరి తేడా ఎక్కడ? అది బయటపడిన సాయంత్రమే ఈ క్లాసుకి ఆయువుపట్టు.

కుర్ర పాస్టరుగారు యోహాను 11 తీశారు. లాజరు నాలుగు రోజుల శవం. "లాజరూ, బయటికి రమ్ము" అని ప్రభువు పిలిచాడు. రావాలా వద్దా అని శవం ఆలోచించుకుంటుందా? పిలుపులోనే ప్రాణం ఉంది, ప్రాణం వచ్చింది కాబట్టి లేచి నడిచాడు. ఎఫెసీ 2 చెప్పినట్టు మనం పాపంలో చచ్చినవాళ్లమైతే, ముందు కొత్త జన్మ, ఆ తర్వాతే విశ్వాసం. యెహెజ్కేలు 36లో రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తానన్నదీ అదే. అపొస్తలుల కార్యములు 16లో లూదియ అనే ఆవిడ సంగతీ అంతే, "ప్రభువు ఆమె హృదయము తెరచెను", తర్వాతే ఆమె పౌలు మాట మీద మనసు పెట్టింది. చాలా గట్టిగా చెప్పారు, నా వెనక కూర్చున్న ఆవిడ "స్తోత్రం" అంది.

పెద్దయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుని, లూకా 15 తీసి, తప్పిపోయిన కుమారుడి కథ మొత్తం మెల్లగా చదివారు. "నేను లేచి నా తండ్రియొద్దకు వెళ్లి" అన్నచోట వేలు పెట్టి ఆగారు. మళ్లీ 24వ వచనం దగ్గర ఆగారు. "ఈ నా కుమారుడు చనిపోయి మరల బ్రదికెను" అంటున్నాడు తండ్రి. "చూడు బాబూ, వీణ్ణి కూడా చచ్చినవాడనే అన్నాడు. చచ్చినవాడే లేచి నడిచొచ్చాడు. తండ్రి మనిషిని పంపి కట్టి తెప్పించలేదు, దారి చూస్తూ ఉన్నాడు. చావు అనే మాటకి ఆత్మ విషయంలో శవమని ఒక్కటే అర్థం తీసుకుంటే ఈ కథ ఎలా చదువుతావు?" కుర్ర పాస్టరుగారు "ఇది ఆలోచించి వస్తానయ్యగారూ" అన్నారు. జవాబు లేనప్పుడు లేదని అందరి ముందూ అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ తర్వాతి శనివారం ఆయన అదే అధ్యాయంతో వచ్చారు. కొడుకు లేచింది "బుద్ధి వచ్చినప్పుడు" కదా, ఆ బుద్ధి ఇచ్చిందెవరు? అదే అధ్యాయంలో మొదట ఉన్న గొర్రె తనంతట తను ఇంటికి రాలేదు, కాపరే వెదికి భుజాల మీద వేసుకున్నాడు. నాణెం అసలు కదలలేదు. మూడూ ఒకే రక్షణ గురించి చెబుతుంటే రెండింటిని వదిలి ఒక్కదాన్నే ఎలా పట్టుకుంటాం? పెద్దయ్యగారు తలూపారు. "బాగుంది. మూడూ కలిపే పట్టుకుందాం. కొడుకుని వదిలిపెట్టనంత వరకే" అన్నారు.

ఇక్కడ నా మాట ఒకటి. యాక్సిడెంటై తెలివిలేకుండా వచ్చినవాడికి మేం అనుమతి అడగం, వైద్యం మొదలుపెడతాం. లేచాక నన్నెందుకు బతికించారని ఎవరూ పోట్లాడరు. ఈ లెక్కన కాల్వినిస్టులు చెప్పేది నాకు సులువుగానే అర్థమవుతుంది. కానీ తెలివి ఉండీ, అన్నీ తెలిసీ, చెయ్యి విదిలించుకుని సెలైన్ పీక్కునేవాళ్లనీ వార్డులో చూస్తున్నాను. సువార్త విని వద్దనేవాళ్లు నాకు ఈ రెండో రకంగానే కనిపిస్తారు. "మీరు ఒల్లకపోతిరి" అని యెరూషలేముని చూసి ప్రభువు అన్న మాట, మత్తయి 23:37, దాన్ని కాల్వినిస్టులు చెప్పే పద్ధతి నేను శ్రద్ధగా విన్నాను. బయటి పిలుపుని మనిషి ఎదిరిస్తాడు, ఏర్పరచబడినవాళ్లని, అంటే దేవుడు ముందే ఎంచుకున్నవాళ్లని, లోపలినుంచి పిలిచే పిలుపుని చివరిదాకా ఎదిరించలేడు అంటారు. ఆ విడదీత వాక్యంలో నాకు అంత తేటగా కనిపించలేదు. కోడి రెక్కలు చాపినట్టు చేర్చుకోవాలనుకున్నానని ఆయనే అంటున్నాడు కదా. అది నిజమైన కోరికే. నేను పెద్దయ్యగారి వైపే ఉన్నాను.

మన జిల్లా చరిత్రని ఈ అంశంలోకి తెచ్చిన క్లాసు వేరే ఎక్కడా దొరకదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని జనానికి పని చూపించారు. ఆ కాలంలో వేలమంది వచ్చి బాప్తిస్మం అడిగితే ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు, కూలీ కోసం, తిండి కోసం వచ్చారేమోనని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. మా ముత్తాత నాయన ఆ నీళ్లలో దిగినవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

"అంతమందిని ఒక్క రోజున రేవుకి నడిపించింది మనిషి ఇష్టమేనంటారా అయ్యగారూ?" అన్నారు కుర్ర పాస్టరుగారు.

"కాదు బాబూ, దేవుడే. కానీ దొర ఎందుకు ఆపాడు? గంజి కోసం ఊఁ అనే నోరు వేరు, ప్రభువు కోసం ఊఁ అనే మనసు వేరని. మనిషి ఒప్పుకోలు నిజంగా మనిషిది కాకపోతే దాన్ని అంతలా పరీక్షించడం ఎందుకు?"

"ఒప్పుకోలు మనిషిదేనయ్యా. మేమూ అదే అంటాం. ఆ ఒప్పుకునే మనసు ఎక్కణ్నించి వచ్చిందనేదే మా ప్రశ్న."

నాకు తేడా మొత్తం ఆ మూడు ముక్కల్లో దొరికింది. ఇష్టపడి రావాలని ఇద్దరూ అంటున్నారు. కృప లేకుండా ఆ ఇష్టం పుట్టదనీ ఇద్దరూ అంటున్నారు. కృప అందిన ప్రతివాడికీ ఆ ఇష్టం తప్పకుండా పుడుతుందా, లేక పుట్టకుండా పోయే వీలుందా? విడిపోయేది ఇక్కడే.

నోట్సులో పెద్దయ్యగారు తన చేతిరాతతో తెలుగులోకి రాసిచ్చిన పేజీ ఒకటుంది. 1833లో అమెరికాలో బాప్టిస్టులు రాసుకున్న న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రకటన అది. నెల్లూరు మిషను మొదలుపెట్టిన డే దొరగారు ఇండియాలో దిగడానికి మూడేళ్ల ముందుది. పాపి ఎంతటివాడైనా సరే, అతని రక్షణకి అడ్డం అతని సొంత నిరాకరణ ఒక్కటే అంటుంది ఒక చోట. కొత్త జన్మ మన బుద్ధికి అందని విధంగా పరిశుద్ధాత్మ శక్తితో జరుగుతుంది, దానివల్ల మనం ఇష్టపూర్వకంగా సువార్తకి లోబడతాం అంటుంది ఇంకో చోట. రెండు పాయలవాళ్లూ సంతకం పెట్టగలిగేలా రాశారని కుర్ర పాస్టరుగారే అన్నారు. జిరాక్సులో ఆ పేజీ కుడి అంచు తెగిపోయి వచ్చింది, చివరి అక్షరాలు ఊహించుకుని చదువుకోవాల్సి వచ్చింది. దానికి మాత్రం కొత్త కాపీలు తీయించాలి, మొత్తం నోట్సులో విలువైన కాగితం అదే.

మా తమ్ముడి మాట చివర్లో అడిగాను. పేరు చెప్పలేదు, "ఒకతను ఇలా అంటున్నాడు" అన్నాను. నేను పెద్దయ్యగారి వైపు చూసి అడిగితే కుర్ర పాస్టరుగారు లేచారు. "అక్కా, దీనికి నేను చెప్పాలి, ఎందుకంటే అతను మా మాటని అడ్డం పెట్టుకుంటున్నాడు" అని డోర్టు తీర్మానాలే తీశారు. సువార్త ఎందరికి వినబడుతుందో అందరినీ దేవుడు నిజంగానే పిలుస్తున్నాడు, ఉత్తుత్తి పిలుపు కాదు. వచ్చినవాణ్ణి చేర్చుకుంటాననీ నిజంగానే మాటిస్తున్నాడు. రానివాడి తప్పు సువార్తదీ కాదు, క్రీస్తుదీ కాదు, పిలిచిన దేవుడిదీ కాదు, రానివాడిదే. ఇది కూడా ఆ తీర్మానాల్లోనే ఉంది. "ఆయనే లాక్కుంటాడులే అని కూర్చోమని ఏ కాల్వినిస్టూ చెప్పడు. చెబితే వాడికి కాల్వినిజం తెలియదు. మారుమనస్సు పొందమన్న ఆజ్ఞ అతనికి ఈ రోజే వర్తిస్తుంది."

పెద్దయ్యగారు యెషయా 55 చూపించారు, "యెహోవా మీకు దొరుకు కాలమునందు ఆయనను వెదకుడి". తర్వాత నన్ను అడిగారు. "అమ్మాయ్, అతనికోసం ప్రార్థన చేస్తున్నారా? ఏమని చేస్తున్నారు?" అతని మనసు మార్చమని, అన్నాను. కుర్ర పాస్టరుగారు నవ్వి, "చూశారా, ప్రార్థనలో అందరూ మా వైపే" అన్నారు. "నీ వైపు కాదు బాబూ, ప్రభువు వైపు. యెరూషలేము పట్టణాన్ని చూసి ఏడ్చినవాడి వైపు. ఆయన ఏడుస్తున్నాడంటే మనం అడగడం ఆపకూడదు" అన్నారు పెద్దాయన. అమ్మకి ఆ రాత్రే ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. తమ్ముడికి డోర్టు పేజీ ఫొటో తీసి పంపాను, చదువుతానన్నాడు.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. నమ్మకముందు కృపని కాదనగలిగే మనిషి నమ్మాక దాన్ని వదిలేసి వెళ్లగలడా? మా బాప్టిస్టుల్లో చాలామంది మొదటిదానికి ఔననీ రెండోదానికి కాదనీ అంటారు. ఫ్రీవిల్ బాప్టిస్టులు రెండింటికీ ఔననే అంటారు. కాల్వినిస్టులు రెండింటికీ కాదంటారు. మా వైపు ఉన్న ఈ ముడి విప్పకుండా అంశం పూర్తయినట్టు కాదు. అడిగింది కూడా ఒక డిగ్రీ చదివే అబ్బాయి, ఎంతో ఆరాటంగా అడిగాడు, ఒకప్పుడు పాటలు పాడి ఇప్పుడు దూరమైన స్నేహితుడెవరో ఉన్నాడట. అప్పటికే ఆఖరి సాయంత్రం ఆఖరి భాగం. ఎవరో తెచ్చిన అల్లూరయ్య మైసూరుపాకు పంచుతున్నారు, వాచ్‌మన్ గేటు వేస్తానంటున్నాడు. "దేవుని వాగ్దానమే కాపాడుతుంది" అని పెద్దయ్యగారు ఒక్క వాక్యం అన్నారు, రోమా 8 చదువుకోమన్నారు. ఆ అబ్బాయికి అది సరిపోలేదు, నాకూ సరిపోలేదు. చరిత్రకి ఇచ్చిన సమయంలో కొంత తగ్గించైనా దీనికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వాల్సింది. నిర్వాహకులకి ఈ సంగతి రాసి ఇచ్చాను. వచ్చే బ్యాచ్‌లో పెడతామన్నారు.

ఇంకో మనవి కూడా చేశాను. ఆరింటికి మొదలుపెడితే డ్యూటీ దిగి వచ్చేవాళ్లకి ప్రార్థన, మొదటి పాఠం పోతున్నాయి. ఆరున్నర చేస్తే కూలిపనికి వెళ్లొచ్చేవాళ్లు కూడా రాగలుగుతారు.

ఎవరు వెళ్లాలి? సండేస్కూల్ చెప్పేవాళ్లు, యూత్ లీడర్లు తప్పకుండా వెళ్లాలి, ఫోన్లలో వినే ప్రసంగాలకి ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్నలు ముందు వాళ్ల దగ్గరికే వస్తాయి. ప్రెస్బిటేరియన్ నేపథ్యం వాళ్లకీ, సీఎస్సై వాళ్లకీ అభ్యంతరం ఉండే మాట ఏదీ రాలేదు, బాప్తిస్మం విషయం ఇందులోకి లాగలేదు. తమ వైపే గెలవాలని వెళ్లేవాళ్లకి మాత్రం నచ్చదు, చివర్లో ఎవరు గెలిచారని ఇక్కడ ప్రకటించరు. కొత్తగా నమ్మినవాళ్లు ఇంకొన్నాళ్లు వాక్యం చదువుకుని వెళ్తే మేలు.

తర్వాతి బ్యాచ్ సంక్రాంతి అయ్యాక అన్నారు, పేర్లు కింద షాపులోనే రాసుకుంటారు. సొంత బైబిలు, రాసుకోవడానికి నోటుబుక్కు తీసుకెళ్లండి. క్లాసులో ఫోన్లో వచనాలు వెదకనివ్వరు.